‘స్త్రీ’కి 6, ఫ్యామిలీకి 11!

మీకు తెలుసా? ప్రపంచంలో తొలి ఎస్సెమ్మెస్‌కు జవాబే రాలేదు! 1992 డిసెంబర్ 3న బ్రిటన్‌లో నీల్ పాప్‌వర్త్ అనే ఇంజినీర్ కంప్యూటర్ మీద ‘మెర్రీ క్రిస్మస్’ అని కొట్టి, వొడాఫోన్ అధికారి రిచర్డ్ జార్విస్ ఫోన్‌కు పంపారు. ఆ ఫోన్‌లో చదువుకోవడమే తప్ప తిరిగి పంపే వీల్లేదు. ఇప్పుడైతే ‘చూసి కూడా రిప్లై ఇవ్వలేదు’ అని అలిగి కూర్చునేవాళ్లం!

ఆ మెసేజే 2021లో పారిస్ వేలంలో 1,07,000 యూరోలు పలికింది! ఇంగ్లిష్‌లో ఉన్నది 15 అక్షరాలు, మధ్యలో ఖాళీతో కలిపి. అక్షరం 7,000 యూరోల పైమాటే. ఖాళీకీ అదే రేటు!

అసలు ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాల హద్దు ఎలా వచ్చిందో తెలుసా? 1985లో జర్మనీలోని బాన్‌లో ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే ఇంజినీర్ టైప్‌రైటర్ ముందు కూర్చుని తోచిన వాక్యాలన్నీ కొట్టి లెక్కపెట్టారు. దాదాపు అన్నీ 160 లోపే తేలాయి. మన పెదనాన్నల్ని అడిగి ఉంటే లెక్క వేరేగా ఉండేది!

తెలుగుకు ఆ 160 కూడా దక్కదు, తెలుసా? ఒక్క ఎస్సెమ్మెస్‌లో 70 మాత్రమే! అందులోనూ ఒత్తు, గుణింతం, అన్నీ విడివిడిగా లెక్క. ‘అమ్మ’ 4. ‘స్త్రీ’ అయితే ఏకంగా 6: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. కంటికి ఒక్కటే, బిల్లుకు ఆరు!

150 అక్షరాల ఇంగ్లిష్ ఎస్సెమ్మెస్ చివర ఒక్క నవ్వు బొమ్మ తగిలించండి. మెసేజ్ 3 ముక్కలవుతుంది! అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లల ఎమోజీ ఒక్కటే 11 అక్షరాల చోటు మింగేస్తుంది. చిన్న కుటుంబమట!

2011 సెప్టెంబర్ 27 గుర్తుందా? ప్రకటనల బెడద తగ్గించాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, ఒక్కో సిమ్‌కు రోజుకు 100 ఎస్సెమ్మెస్‌లే అంది. నవంబర్‌లో 200 చేసింది. ఈలోగా నూటొకటో గుడ్‌నైట్ అర్ధరాత్రి దాకా ఆగాల్సిందే, పాపం!

ఫోన్‌లోని మెసేజ్ యాప్‌లో అవతలివాళ్లు టైప్ చేస్తుంటే చుక్కలు ఎగురుతున్నాయా? చదివారో లేదో తెలిసిపోతోందా? అది ఎస్సెమ్మెస్ తర్వాతి తరం పద్ధతి ఆర్‌సీఎస్ చలవ. మొబైల్ కంపెనీల సంఘం జీఎస్ఎంఏ దీన్ని చేపట్టింది 2008లో. ఐఫోన్‌లోకి వచ్చింది 2024 సెప్టెంబర్‌లో! 2008లో పుట్టిన పిల్లలు ఈలోగా ఇంటర్‌లో చేరిపోయారు.

ఇంత చేసినా ఐఫోన్‌లో ఆండ్రాయిడ్‌వాళ్ల చాట్ రంగు మారలేదు, ఆకుపచ్చే. ఆకుపచ్చ అంటే చిన్నచూపు పడే ఆ బాధేమిటో అమెరికాలో మనవాళ్ల పిల్లల్ని అడగండి!

చివరగా, కంపెనీల మెసేజ్‌లలో పంపినవారి పేరు తర్వాత ఒక ఇంగ్లిష్ అక్షరం తోకలా ఉంటుంది, చూశారా? 2025లో వచ్చింది. పీ అంటే ప్రచారం, ఎస్ అంటే సేవ, టీ అంటే లావాదేవీ, జీ అంటే ప్రభుత్వం. ఇన్‌బాక్స్ తెరిచి పీలు లెక్కపెట్టండి. వేళ్లు చాలకపోతే ఇంట్లోవాళ్లవి అప్పు తీసుకోండి!