పని పోయిందనడానికి కాగితం ఏదీ?

ఉద్యోగం పోతే సర్కారు డబ్బిస్తుందంటే మా విజయనగరం వైపు ఆడవాళ్లు నవ్వుతారు. ‘ఉన్నప్పుడే సరిగ్గా ఇవ్వలేదు, పోయాక ఎవులిస్తారమ్మా!’ అంటారు. ఇస్తారు. అందరికీ కాదు, ఎక్కువా కాదు. నేను తీసుకున్నాను కాబట్టే చెబుతున్నాను.

మా జిల్లాలోనే ఒక చిన్న కంపెనీలో ఐదేళ్లు ప్యాకింగు పని చేశాను. 2020లో లాక్‌డౌన్ సడలించాక మాలో కొందరినే వెనక్కి పిలిచారు. మిగతా వాళ్లకి ‘ఇక రానక్కర్లేదు’ అని ఫోన్లో కబురు. జీతం నెలకు 12 వేలు. అందులోంచి నెలనెలా ఈఎస్ఐకి కొంత కోసేవారు. ఆ కోత డిస్పెన్సరీలో మందుల కోసమనే అనుకునేవాళ్లం అందరం. పని పోయినప్పుడు కూడా అక్కరకొస్తుందని మాతో పనిచేసిన ఒకావిడ చెప్పింది.

పథకం పేరు అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. పేరు నోరు తిరగదు గానీ సంగతి తేలికే. 2018 జూలై 1న మొదలైంది. అప్పట్లో సగటు రోజు జీతంలో నాలుగో వంతు ఇచ్చేవారు. 2020 మార్చి 24 నుంచి దాన్ని సగం చేశారు. మొత్తం 90 రోజుల వరకు ఇస్తారు. నా రోజు జీతం సుమారు 400, అందులో సగం 200. మూడు నెలలకి 18 వేలు! కిరాణా కొట్టు బాకీ, పిల్ల పుస్తకాలు, రెండు నెలల అద్దె దాంతోనే గడిచాయి.

దీనికి కొన్ని షరతులున్నాయి. పని పోయేనాటికి కనీసం రెండేళ్లు ఈఎస్ఐలో ఉండాలి. ఈఎస్ఐ లెక్క ఆరేసి నెలలకి ఒకటి. పని పోవడానికి ముందరి ఆరు నెలల లెక్కలో కనీసం 78 రోజులు, అంతకుముందు మూడింటిలో ఏదో ఒకదానిలో మరో 78 రోజులు చందా కట్టి ఉండాలి. ఈ పథకం గడువును విడతలుగా పొడిగిస్తూ వచ్చారు. అందుకే ఇప్పుడు అమల్లో ఉందో లేదో బ్రాంచి ఆఫీసులో కనుక్కున్నాకే దరఖాస్తు పెట్టండి.

అసలు తిరకాసు పని ఎలా పోయిందన్న దగ్గరే ఉంది. మాకు కబురు పంపిన కంపెనీయే ‘రాజీనామా రాసిచ్చేయండి, లెక్కలు త్వరగా తేల్చేస్తాం’ అంది. ఇద్దరు రాసిచ్చేశారు. తనంతట తాను మానేసినవారికి ఈ డబ్బు రాదని రూలు. తీసేసింది వాళ్లయితే, మానేసింది మనమని మన చేతే రాయించుకోవడం ఏం న్యాయం చెప్పండి? నేను పెన్ను తీసేలోగా మా మావగారు అడ్డుపడ్డారు. ‘సదవకుండా సంతకం ఎట్టకమ్మా’ అన్నారు. ఆయన జూట్ మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. కాగితాల సంగతి మా అందరికంటే ఆయనకే బాగా తెలుసు.

నెల్లిమర్ల, చిట్టివలస జూట్ మిల్లుల లాకౌట్ల సంగతి ఈ ప్రాంతంలో తెలియనివారు లేరు. లాకౌట్ రోజులకి కూడా ఈ పథకం వర్తించదు. గేటుకి తాళం, పొయ్యి మీద ఖాళీ గిన్నె, రికార్డుల్లో మాత్రం ఉద్యోగం పదిలం! జూట్ మిల్లులున్న చోట ఇంతకంటే పెద్ద లోటు ఇంకోటి లేదని నాకనిపిస్తుంది.

ఆడవాళ్లకి ఇంకో చిక్కుంది. అదే ఇంటిపేరు. పెళ్లికి ముందు పనిలో చేరితే ఈఎస్ఐ కార్డులో పుట్టింటి పేరుంటుంది, ఆధార్లో అత్తింటి పేరు. బ్యాంకు పాసుబుక్కులో మరోలా ఉన్నా ఆశ్చర్యం లేదు. నా దరఖాస్తు ఆగింది ఇక్కడే. పెట్టె అడుగునుంచి పెళ్లి సర్టిఫికెట్ తీసి, అన్నిట్లో ఒకే పేరు వచ్చేలా చేసేసరికి నెలన్నర పట్టింది. మగవాళ్లకి ఈ బాధ లేదు లెండి! పని ఉండగానే మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఈఎస్ఐ నంబరు కూడా వేరే పుస్తకంలో రాసి ఉంచుకోండి. కంపెనీ ఐడీ కార్డు వెనక్కి లాగేసుకున్నాక ఆ నంబరు కోసం ఎవర్ని అడుగుతారు?

ఇదంతా ఈఎస్ఐ ఉన్నవాళ్ల మాట. పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు ఒలిచే ఆడవాళ్లని ఒకసారి అడిగాను. కిలోల లెక్కన కూలి తీసుకునే ఒకామె ‘అదేటమ్మా ఈఎస్ఐ?’ అంది. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట, నెల జీతం 21 వేలలోపు ఉంటే ఈఎస్ఐ ఉండాలన్నది రూలు. రిజిస్టర్లో పేరే లేకపోతే ఏ ఫారం నింపాలి? 2018 అక్టోబరులో రాష్ట్రంలో యువనేస్తం పేరుతో నెలకు వెయ్యి రూపాయల భృతి మొదలెట్టారు. అదీ 2019లో ఆగిపోయింది. ఉన్నన్నాళ్లూ అది చదువుకున్న కుర్రకారుకే. పప్పు ఒలిచి ఒలిచి జీడి రసంతో వేళ్లు నల్లబడ్డ ఈమె దాని లెక్కలోకీ రాలేదు.