మూడేండ్ల కాపురము, జీవితకాలపు పన్ను

పరదేశమునుండి ఉద్యోగరీత్యా హైదరాబాదునకు వచ్చి, గచ్చిబౌలిలోనో నానక్‌రామ్‌గూడలోనో కాపురము పెట్టి, రెండు మూడేండ్లలో స్వదేశమునకు మరలిపోవలసిన ఉద్యోగి యొకడు ఇచ్చట కారు కొనదలచినచో, అతనిని మొట్టమొదట విస్మయపరచునది కారు ధర గాదు, ఆ ధరపై రాష్ట్రప్రభుత్వము విధించు జీవితకాలపు పన్ను. లైఫ్ ట్యాక్సు అని జనులు పిలుచు ఈ సుంకము తెలంగాణలో చౌకకార్లకు ధరలో 13 శాతముతో ఆరంభమై, ధర హెచ్చినకొలది శాతము గూడ హెచ్చుచు పోవును; ఒకే మనిషి పేరిట రెండవ కారు చేరినచో మరి 2 శాతము అదనముగా పడును. కారు తిరుగునంత కాలమునకు సరిపడు పన్నును తొలినాడే చెల్లించి నిశ్చింతగా నుండుట, పదునైదేండ్లు ఈ ఊరనే తిరుగు గృహస్థునకు సౌకర్యమే. మూడు వేసవులు చూచి పోవు అతిథికి మాత్రము అది తాను అనుభవింపని పండ్రెండేండ్లకు ముందుగా కట్టిన మూల్యము.

ఇతరదేశముల పద్ధతి ఇట్లుండదు. అమెరికాలో పెక్కు రాష్ట్రములందు రిజిస్ట్రేషను రుసుము ఏటేట కట్టుదురు గనుక, వెడలిపోవువాడు తానున్న యేండ్లకే చెల్లించి పోవును. సింగపూరులోనైతే 1990 నుండి, పదేండ్లు చెల్లెడి అనుమతిపత్రమును వేలములో పాడుకొనిన గాని కారు కొన వలనుగాదు. ఆ అనుమతి యొక్కొకప్పుడు కారుకంటె ప్రియమగును, ఐనను దాని గడువెంతో అందరికిని ముందే తెలియును. మన చట్టము మాత్రము, కారు కొనువాడు ఇచ్చటనే యుండిపోవునని నమ్మినట్లు నడచును. వాహనమును వేరు రాష్ట్రమునకు శాశ్వతముగా తరలించినచో మిగిలిన కాలమునకు కొంత పైకము తిరిగి వచ్చుట కలదు. ఇక్కడనే అమ్మినచో, ఆ పన్నును అమ్మకపు ధరలో రాబట్టుకొనవలసినదే.

విదేశీయులు ఈ నగరమునకు క్రొత్తవారు కారు. 1972లో పటాన్‌చెరువు దగ్గర ఇక్రిశాట్ సంస్థ వెలసిననాటినుండియు దేశదేశముల వ్యవసాయశాస్త్రజ్ఞులు ఈ పరిసరములందు నివసించుచునే యున్నారు. 1998 నవంబరు 22వ తేదీన ప్రధాని వాజ్‌పేయి మాదాపురములో సైబర్ టవర్స్ అను ఐటీ భవనమును ప్రారంభించిన పిదప వచ్చినవారి తీరు వేరు. వీరికి క్షేత్రములతో పనిలేదు, ఇంటికిని ఆఫీసుకును నడుమనున్న దూరముతోనే పని. మెట్రో రైలు 2019 నవంబరులో రాయదుర్గము చేరి అచ్చటనే ఆగినది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్టు, కోకాపేట, నార్సింగి అను నేటి ఆకాశహర్మ్యముల పేటలన్నియు ఆ ఆఖరి స్టేషనుకు ఆవల నున్నవి గనుక, కారు ఇచ్చట డాబుకొరకు గాక అవసరముకొరకే కొనవలసి వచ్చుచున్నది.

కొనదలచినవాడు షోరూములో వినునది ఎక్స్ షోరూమ్ ధర, చెల్లించునది ఆన్ రోడ్ ధర. మొదటిదానిలో జీయస్టీ యిమిడియుండును: 2025 సెప్టెంబరు 22 నుండి నాలుగు మీటర్లకును 1200 సీసీకిని మించని పెట్రోలు కార్లపై 18 శాతము, పెద్దకార్లపై 40 శాతము, విద్యుత్ కార్లపై 5 శాతము. రెండవదానిలో లైఫ్ ట్యాక్సు, ఇన్సూరెన్సు చేరును. క్రొత్తకారుకు మూడేండ్ల థర్డ్ పార్టీ బీమా 2018 నుండి అనివార్యము. పది లక్షలు దాటిన కారుపై డీలరు మరి యొక శాతము వసూలుచేసి ఆదాయపన్ను శాఖకు జమకట్టును. దీనిని రిటర్ను దాఖలు చేసి తిరిగి పొందవచ్చునను సంగతి ఎరుగక వదలుకొని పోవు విదేశీయులు లేకపోలేదు. ఇన్ని భారముల నడుమ ఒక ఊరట యున్నది. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వము విద్యుత్ వాహనములకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును 2026 డిసెంబరు 31 వరకు పూర్తిగా మాఫీ చేసినది. తాత్కాలికనివాసికి ఇంతకంటె అనుకూలమగు ఏర్పాటు మరియొకటి నాకు తోచదు. అయితే కొనుటకు ముందే, తానుండు అపార్టుమెంటులో చార్జింగు పెట్టుకొనుటకు అసోసియేషను వారు ఒప్పుకొందురో లేదో అడిగి తెలిసికొనుట మేలు.

డబ్బు కలవానికి ధర యొక సమస్య గాదు. అసలు చిక్కు కాగితములలో నున్నది. ఆర్టీఏ ఆఫీసు అడుగునది ముఖ్యముగా ఒక్కటే: నీవు ఎచ్చట నివసించుచున్నావు? నూట ఎనుబది దినములకు మించిన వీసాపై వచ్చినవాడు పదునాలుగు దినములలో విదేశీయుల నమోదు కార్యాలయమున పేరు నమోదు చేసికొనవలెను. ఆ పత్రము, ఇంటి అద్దె ఒప్పందము, పాస్‌పోర్టు, వీసా, ఉద్యోగమిచ్చిన కంపెనీ లేఖ, ఇవి అన్నియు ఒకే చిరునామాను, ఒకే వర్ణక్రమముతో పలుకవలెను. ఆధార్ కావలెనన్నచో అంతకు పూర్వపు పండ్రెండు నెలలలో 182 దినములు ఈ దేశమున నివసించి యుండవలయును. కారు కొనుగోలుకు పాన్ నంబరు చూపవలెను. నగదుగా రెండు లక్షలు గాని అంతకు మించి గాని పుచ్చుకొనుట చట్టము నిషేధించినది గనుక బ్యాంకు ఖాతా తప్పదు. అప్పు కావలసినచో బ్యాంకువారు జీతముకంటె ముందు వీసా గడువును చూతురు. ఇట్లు మొదటి ఆరు మాసములును నివాసమును నిరూపించుకొనుటకే చాలవు. కావున ఆ కాలమున డ్రైవరుతో గూడిన అద్దెకారో, కంపెనీ లీజు కారో వాడుకొని, పిమ్మట కొనుట వివేకమని నా అభిప్రాయము.

లైసెన్సు విషయము మరియొకటి. 1949 జెనీవా ఒడంబడికననుసరించి ఇచ్చు అంతర్జాతీయ డ్రైవింగు పర్మిటు ఏడాదికి మించి చెల్లదు. ఆ మీదట లెర్నర్ లైసెన్సు పొంది, ముప్పది దినములాగి, ఇచ్చటి యువకులతో సమానముగా పరీక్షకు నిలువవలెను. ఆంగ్లేయునకు, జపానువానికి, ఆస్ట్రేలియావానికి ఎడమవైపు నడుపుట చిన్ననాటి అలవాటు. అమెరికావాడు, జర్మనుడు మాత్రము చేతులను, చూపును క్రొత్తగా శిక్షించుకొనవలెను. నూట ఏబదియెనిమిది కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వారికి స్వదేశపు రహదారివలె తోచి ధైర్యము కలిగించును. అది దిగి సర్వీసు రోడ్డున ఎదురుదిశలో వచ్చు ద్విచక్రవాహనమును చూచిననాడు ఆ ధైర్యము సడలును. అందుచేతనే సొంతకారు గల విదేశీయులు సైతము పెక్కురు డ్రైవరును పెట్టుకొందురు.

స్వదేశమున తాను వాడుకొన్న కారునే ఓడలో తెచ్చుకొనవచ్చును గదా యని కొందరనుకొందురు. డాలసునుండి తిరిగివచ్చు మన తెలుగువారికిని ఈ కోరిక కలుగును. సామానుతోబాటు పన్నులేకుండ తెచ్చుకొను వస్తువులలో కారునకు చోటు లేదు. వాడిన కారు తయారై మూడేండ్లకు మించరాదు, స్టీరింగు కుడివైపున నుండవలెను, సుంకము కారు విలువనే మించిపోవును. ఎడమవైపు స్టీరింగు గల అమెరికా కారునకు దీనితోనే దారి మూసికొనిపోయినది. అక్కడికి వెళ్లిన మన విద్యార్థికి ఇంత శ్రమ లేదు. క్రెడిట్ చరిత్ర లేనందున అప్పు దొరకక, నలుగురు మిత్రుల సలహాతో ఒక పాత కరోలాను కొని, అమ్మినవాడు టైటిల్ కాగితముపై సంతకము చేయగనే యజమానియగును.

ఇచ్చట పాతకారు కొనువాడు నంబరు పలకను చదువ నేర్వవలెను. ఏపీ యన్నచో 2014 జూనుకు పూర్వపు ఉమ్మడి రాష్ట్రపు కారో, నేటి ఆంధ్రప్రదేశ్ కారో కావచ్చును. టీయస్ యన్నచో ఆ పిదప పదేండ్లలోనిది. టీజీ యన్నచో 2024 మార్చి తరువాతిది. కేఏ, ఎంహెచ్ అక్షరములతో బెంగుళూరు, పూనా నగరములనుండి వచ్చిన కారు చౌకగా దొరకును గాని, పండ్రెండు నెలలు దాటి ఇచ్చట నున్నచో ఎన్‌వోసీ తెచ్చి, తెలంగాణ పన్నును మరల కట్టవలెను. పాత చలానాలు మనిషిని గాక నంబరును అంటిపెట్టుకొని యుండును. బేరమునకు ముందే వానిని ఇంటర్నెట్టులో చూచుకొనవలెను.

తిరుగు ప్రయాణము దగ్గరపడినప్పుడు తొందరలో జరుగు పొరపాటు ఒకటి కలదు. కారును కొనువానికి తాళముచెవులిచ్చి, పైకము పుచ్చుకొని, యాజమాన్యపు మార్పిడికి వలసిన 29, 30 సంఖ్యల ఫారములపై ఖాళీగా సంతకములు చేసి విమానమెక్కుదురు. కొనినవాడు పేరు మార్పించుకొనక బద్ధకించినచో చట్టము దృష్టిలో యజమాని పాతవాడే. అట్టి కారువలన ప్రమాదము జరిగినచో నష్టపరిహారమునకు ఆర్‌సీలో పేరున్నవాడే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు స్పష్టముగా తీర్పు చెప్పినది. అందుచేత టికెట్టు కొనుటకు కనీసము రెండు మాసములు ముందుగనే కారును అమ్మి, ఆర్‌సీలో క్రొత్త యజమాని పేరు చేరినదాక చివరి వాయిదా పైకమును గాని, రెండవ తాళముచెవిని గాని తన దగ్గర నుంచుకొని, కడపటి వారములను అద్దెకారులోనే గడుపుట మంచిది.