పొలుసు వెనుక వ్రేలిముద్ర

చేపకు పొలుసులను ప్రకృతి యిచ్చినది. మనిషి మేనిపై పొలుసులు మొలిపింపవలెనన్నచో మనిషియే పూనుకొనవలెను. రంగస్థలముపై గాని, వెండితెరపై గాని, నీటనుండి వింతప్రాణి యొకటి లేచి రావలసి వచ్చినపుడు, దాని పుట్టుక ఒక బల్లమీద, చారెడు మట్టితో ప్రారంభమగును. ఎవరో ఒకరు ఆ మట్టి ముందు కూర్చుండి, గోరంత పొలుసును వ్రేళ్లతో తీర్తురు. ప్రేక్షకుడు చూచునది ప్రాణిని, మెచ్చుకొనునది నటుని. ఆ మట్టి ముందు కూర్చున్నవారి తలపు ఎవరికిని రాదు.

ఇట్టి పని మన దేశమునకు క్రొత్తది కాదు. భరతముని నాట్యశాస్త్రమున అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు తెరగులుగా విభజించెను. వేషభూషలకు సంబంధించిన ఆహార్యములో పుస్తము అనునది యొక భాగము. ఇచట పుస్తమనగా చదువుకొను గ్రంథము కాదు. ప్రదర్శనమునకై నిర్మించిన కృత్రిమ రూపము. చాపలు, వస్త్రములు, తోళ్లు మున్నగువానిని కూర్చి చేసినది సంధిమము. యంత్రముచే నడచునది వ్యాజిమము. చుట్టబెట్టి చేసినది వేష్టిమము. నేటి శిల్పులు సాగెడి గుడ్డపై పొలుసులను వరుసగా అతికి కుట్టెడి వేషము ఈ సంధిమమునకు దగ్గరి చుట్టమే. మారినదెల్ల పదార్థము మాత్రమే. ఆ పదార్థము పేరు సిలికోన్.

ఈ పేరు పెట్టినవాడు ఇంగ్లండు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ కిప్పింగ్. ఇసుకలోని సిలికాన్ మూలకముతో కూడిన సమ్మేళనములపై అతడు నాటింగ్‌హామ్‌లో దశాబ్దముల తరబడి పరిశోధనలు చేసెను. ఐనను 1937లో ప్రకటితమైన ఉపన్యాసమున, ఈ శాఖలో త్వరలో గొప్ప పురోగతి కలుగునను ఆశ తనకు పెద్దగా లేదని తెలిపెను. మూడేండ్లకే, 1940లో, అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో యూజీన్ రోకో అను శాస్త్రజ్ఞుడు, రాగి తోడ్పాటుతో, సిలికాన్‌ను మిథైల్ క్లోరైడుతో సూటిగా కలుపు మార్గమును కనుగొనెను. పరిశోధనశాలలో జిగురువలె మిగిలిపోయిన పదార్థము దానితో కర్మాగారమునకు చేరినది. 1969లో చంద్రునిపై నడచినవారి పాదరక్షల అడుగుభాగము సిలికోన్ రబ్బరుతో చేసినదే. గురువు చేతిలో నిష్ప్రయోజనమని తోచిన వస్తువు మరియొకరి చేతిలో ఎంతటి దగునో చెప్పుటకు విద్యార్థులకు ఇంతకన్న మంచి ఉదాహరణము అరుదు.

సిలికోన్ పొలుసు ఎట్లు తయారగునో ఇక చూతము. మొదట మట్టి బొమ్మ. పొలుసులన్నియు ఒకే కొలతలో ఉండరాదు. వీపునకు పెద్దవి, మెడకు చిన్నవి, మోచేయి, మోకాలు మడతపడు చోట్ల మరింత చిన్నవి కావలెను. లేనిచో చేయి వంచినపుడు పెంకు విరిగినట్లు పైకి లేచును. ఈ నమూనాలకు ఎండిపోని నూనెమట్టి వాడుదురు. ఇందొక చిక్కు కలదు. కొన్ని నూనెమట్టులలో గంధకము ఉండును. ప్లాటినము సాయమున గట్టిపడు జాతి సిలికోన్‌కు గంధకము ఆగర్భ శత్రువు. దాని స్పర్శ తగిలిన చోట సిలికోన్ రేయెల్ల వేచియున్నను గట్టిపడదు. తేనెవలె జిగటగా నిలిచిపోవును. సహజరబ్బరు చేతితొడుగులు వేసికొని తాకినను ఇదే గతి పట్టవచ్చును. కావున తెలిసినవారు గంధకము లేని మట్టినే ఎన్నుకొందురు.

నమూనా సిద్ధమైన పిదప దాని చుట్టును గోడ కట్టి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ గాని, వేరొక సిలికోన్ గాని పోసి అచ్చు తీయుదురు. మట్టిని తొలగింపగా గుంట మిగులును. అందు ఎత్తైనది పల్లమై, పల్లమైనది ఎత్తై కనబడును. సిలికోన్ గుణము ఇచట ఆశ్చర్యము గొలుపును. అది గీతను, గాటును, ఆకు ఈనెను, మట్టిపై నిలిచిన వ్రేలిముద్రను సైతము విడువక పట్టుకొనును. అందుచేతనే శిల్పులు అచ్చు పోయుటకు ముందు మట్టి నమూనాను మెత్తని కుంచెతో నిమిరి తమ ముద్రలను తుడిచివేయుదురు. ఒక్కచోట మరచిరా, ఆ ముద్ర వంద పొలుసులపై వందసార్లు పడును.

పిమ్మట పోత. రెండు ద్రవములను చెప్పిన పాలులో తూచి కలుపుదురు. అనేక రకములలో ఇవి సమపాళ్లే. రంగుపొడియో, రంగుముద్దయో అప్పుడే చేర్తురు. ఏలయనగా గట్టిపడిన సిలికోన్‌పై మామూలు రంగు నిలువక పొరలుగా ఊడిపోవును. కలుపునపుడు చేరిన గాలిబుడగలు పొలుసునందు చిల్లులు పడవేయును. నిర్వాత పాత్ర గలవారు అందుంచి గాలిని లాగివేయుదురు. లేనివారు గిన్నెను ఎత్తుగా పట్టి, సన్నని ధారగా పోయుదురు. ధార సాగునపుడు బుడగలు చాలవరకు పగిలిపోవును. సిలికోన్ అచ్చులో సిలికోన్ పోయునపుడు నడుమ విడదీయు పూత ఒకటి తప్పనిసరి. అది మరచినచో అచ్చును పొలుసును ఏకమై, రెండును చేజారును.

పొలుసులు చేతికి వచ్చినను సగము పనియే ముగిసినది. సిలికోన్‌కు సిలికోన్ జిగురు తప్ప మరియే జిగురును సరిగా అంటదు. సాగెడి గుడ్డపై ఆ జిగురుతో వరుసలు తీర్తురు. పెంకుటిల్లు నేయువాడు చూరునుండి మొదలిడి కొప్పువరకు పోవునట్లే, వీరును క్రింది అంచునుండి పైకి పోవుదురు. పై వరుస క్రింది వరుస మొదలును కప్పును. ఇంటిపైని వాన జారునట్లు, నడచునపుడు వెలుగు ఆ వరుసలపై జారును. సిలికోన్‌లో కొంత వెలుగు లోనికి దూరి మరలును. అందుచేతనే అది పూత పూసిన అట్టవలె గాక, తడిసిన చర్మమువలె కనబడును.

లెక్క తెలియనివానికి ఇందు పెద్ద దెబ్బ తగులును. మూడు సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, మూడు మిల్లీమీటర్ల మందము గల పొలుసు సుమారు మూడు గ్రాములు తూగును; సిలికోన్ నీటికన్న కొంచెము బరువైనది. మొండెమును చేతులను కప్పుటకు రెండువేల పొలుసులు కావలెననుకొన్నచో, గుడ్డ గాక ఆరు కిలోగ్రాములగును. మందమును రెండు మిల్లీమీటర్లకు తగ్గించినచో నాలుగు కిలోగ్రాములు. మట్టి బల్లమీద కనబడని ఆ ఒక్క మిల్లీమీటరు, లోపలి మనిషి భుజముపై రెండు కిలోల బరువై కూర్చుండును.

ఆ లోపలి మనిషి కష్టము తెలియుటకు 1954లో విడుదలైన అమెరికా చిత్రము ‘క్రీచర్ ఫ్రమ్ ది బ్లాక్ లగూన్’ మంచి సాక్ష్యము. అమెజాన్ ప్రాంతపు నల్లని మడుగులో సగము చేప, సగము మనిషి యైన ప్రాణి యొకటి వసించునన్నది కథ. జాక్ ఆర్నాల్డ్ దర్శకుడు. అప్పటికి ఈ పనిలో సిలికోన్ చేరలేదు. మట్టిలో చెక్కి, అచ్చు తీసి, నురుగు రబ్బరు పోసి ఆ పొలుసుల చర్మమును చేసిరి. నేలమీద ఆ వేషము ధరించినది బెన్ చాప్‌మన్. వేషముతో కూర్చుండ వీలులేక అతడు దినమున పదునాలుగు గంటలు నిలువుకాళ్లపై గడపవలసి వచ్చెడిది. వేడికి ఓర్వలేక మీద నీళ్లు కొట్టుమని కోరెడివాడు. నీటి అడుగున నటించినది రికౌ బ్రౌనింగ్. ఫ్లోరిడాలోని వకుల్లా ఊటలో, వీపున గాలితొట్టి లేకయే, గొట్టము ద్వారా ఊపిరి పీల్చి, గొట్టము విడిచి, ఊపిరి బిగబట్టి ఈదెను. లోకము భయపడినది ఆ ప్రాణికి. ఊపిరి బిగబట్టినది మనిషి.

ఐనను ఇంతకన్న లోతుగా మరుగుపడినవారు మరియొకరు కలరు. ఆ ప్రాణి రూపమును ఊహించి గీసినది మిలిసెంట్ పాట్రిక్ అను చిత్రకారిణి. ఆమె అంతకుముందు డిస్నీ సంస్థలో 1940 నాటి ‘ఫాంటాసియా’ చిత్రమునకు పనిచేసినది. తలను చెక్కినది క్రిస్ మ్యూలర్. దేహపు తొడుగు నిర్మాణమును నడపినది జాక్ కెవన్. రూపసజ్జ విభాగమునకు అధిపతి బడ్ వెస్ట్‌మోర్. చిత్రము విడుదల సమయమున ప్రాణిని సృష్టించిన సుందరి యని ప్రకటించి ఆమెను ఊరూర ప్రచారమునకు పంప నిర్ణయించిరి. దీనికి వెస్ట్‌మోర్ అభ్యంతరము చెప్పెను. సృష్టించిన సుందరి, ప్రాణితో వసించు సుందరిగా మారిపోయెను. పర్యటన ముగిసి ఆమె తిరిగి వచ్చునప్పటికి ఆ విభాగమున ఆమెకు చోటు లేదు. తెరపై ఆమె పేరు పడలేదు. కొన్ని దశాబ్దముల పాటు ఆ రూపమునకు కర్తగా లోకమున వినబడినది వెస్ట్‌మోర్ పేరే. ఆమె 1998లో మరణించెను. 2019లో మాలొరీ ఓమెరా అను రచయిత్రి ఆమె జీవితమును వెదకి గ్రంథముగా వ్రాసిన పిదపనే, ఆ చేతి సంగతి పెక్కుమందికి తెలిసినది.

2017లో గిల్లెర్మో దెల్ తోరో తీసిన ‘ది షేప్ ఆఫ్ వాటర్’ చిత్రమున జలమానవుడు మరల తెరపైకి వచ్చెను. ఆ పాత ప్రాణిపై బాల్యమునుండి తనకు గల మమతయే దీనికి మూలమని దర్శకుడు స్వయముగా చెప్పియున్నాడు. ఒక స్త్రీ కాగితముపై గీసిన గీత, అరువది మూడేండ్ల తరువాత మరియొక కళాకారుని చేతిలో ఈదినది. అచ్చు నిలిచినది, పేరు మాత్రము చెరిగినది.

మట్టిపైని వ్రేలిముద్రను శిల్పి తానే తుడుచుకొనును. అది పనితనము, పొలుసు పొలుసువలె కనబడవలెను గాని మనిషి వ్రేలు కనబడరాదు. కాని పేరును ఇతరులు తుడిచివేయుట పనితనము కాదు. ఈ రెంటికిని గల భేదము పాఠశాలలోనే తెలియవలసినది. వార్షికోత్సవ నాటకమునకు అట్టముక్కలతో కిరీటములు కత్తిరించిన పిల్లలు, రాత్రులు మేలుకొని గదకు రంగు వేసినవారు, తెర వెనుక దీపము పట్టుకొన్నవారు ప్రతి బడిలోను ఉందురు. కార్యక్రమ పత్రమున నటుల పేర్లు ముగిసిన పిదప ఇంకను కొంత చోటు మిగిలియే యుండును. ఆ చోటున వారి పేర్లు వ్రాయుటకు పట్టునది ఒక్క పంక్తి. మిలిసెంట్ పాట్రిక్‌కు ఆ యొక్క పంక్తి దక్కుటకు ఆరు దశాబ్దములు పట్టినది.