పాటలు లేని పాటల పట్టీ

ఫోనులో ఐదువందల పాటల ప్లేలిస్టు ఒకటి ఉందనుకుందాం. పాటలన్నీ కలిపితే రెండు గిగాబైట్ల పైమాటే. మరి ప్లేలిస్టు ఎంత జాగా పడుతుంది? పాటకొక వరస, వరసకు సుమారు 80 బైట్లు, మొత్తం 40 కిలోబైట్లు. సెకనుకు 128 కిలోబిట్ల లెక్కన చేసిన ఎంపీ3 పాటలో అది రెండున్నర సెకన్లకు సరిపోతుంది. అంటే పల్లవి ఎత్తుకునేలోపే అయిపోతుంది. ఇంత చిన్నదిగా ఉండడానికి కారణం ఒక్కటే. ప్లేలిస్టులో పాట ఉండదు, పాట ఎక్కడుందో చెప్పే చిరునామా మాత్రమే ఉంటుంది. కొత్త ఫోనులోకి పాటలు వచ్చి ప్లేలిస్టులు రాకపోవడం, మెమరీ కార్డు మార్చగానే పట్టీ ఖాళీగా కనిపించడం, నిన్నటిదాకా మోగిన పాట ఈరోజు బూడిదరంగు అక్షరాల్లోకి మారిపోవడం, అన్నీ ఈ ఒక్క సంగతిలోంచి పుట్టిన తిప్పలే.

క్యాసెట్ల కాలంలో ఈ తిప్పలు లేవు. ఫిలిప్స్ కంపెనీ 1963లో బయటపెట్టిన కాంపాక్ట్ క్యాసెట్ మన ఊళ్లకు చేరాక రికార్డింగ్ షాపులు వెలిశాయి. కాగితం మీద పాటల పేర్లు రాసిచ్చి, ఖాళీ క్యాసెట్‌కు డబ్బులు కట్టి, వారం తర్వాత వెళ్లి తెచ్చుకునేవాళ్లు. అరవై నిమిషాల క్యాసెట్‌లో వైపుకు అరగంట. ఐదు నిమిషాల పాటలైతే ఆరు పడతాయి. ఏడోది కావాలంటే ఒకటి వదులుకోవాలి. అంతకు ముందు వివిధభారతి జనరంజనికి కార్డు రాసినవాళ్లకు పాట కోరుకునే హక్కే ఉండేది, వరస మాత్రం ఆకాశవాణిది. క్యాసెట్ ఆ వరసను శ్రోత చేతిలో పెట్టింది. అయితే ఆ వరస టేపు మీదే అచ్చయిపోయేది. మార్చాలంటే మళ్లీ రికార్డు చేయించాల్సిందే.

పాటను, పట్టీని విడదీసింది కంప్యూటరు. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్ బృందం ఏళ్ల తరబడి కష్టపడి తయారుచేసిన శబ్ద సంపీడన పద్ధతికి 1995 జులై 14న 'డాట్ ఎంపీ3' అనే తోక ఖాయమైంది. ఆ ఏడాదే వాళ్లు విన్‌ప్లే3 అనే ప్లేయరును వదిలారు. పాటల్ని వరసగా వినిపించడానికి దానికి ఒక పట్టీ కావాలి. అలా పుట్టిన ఫైలే ఎం3యు. 'ఎంపీ3 యూఆర్ఎల్' అన్నది దాని పూర్తిపేరు. లోపల యంత్రభాష ఏమీ ఉండదు, మామూలు అక్షరాలే. ఒక వరసలో ఒక పాట చిరునామా, తర్వాతి వరసలో ఇంకో పాట చిరునామా. నోట్‌ప్యాడ్‌లో తెరిచి, వరసలు అటూ ఇటూ జరిపి, మూసేయవచ్చు. 1997లో జస్టిన్ ఫ్రాంకెల్, దిమిత్రీ బోల్దిరెవ్ చేసిన విన్ఆంప్ దీన్ని ప్రపంచమంతా తిప్పింది. పాట పేరు, నిడివి ఎన్ని సెకన్లో రాసుకునేందుకు 'హ్యాష్' గుర్తుతో మొదలయ్యే వరసలు చేర్చింది. అంతే. ముప్పై ఏళ్లయినా ఆ ఫైలు నిర్మాణం పెద్దగా మారలేదు.

చిరునామా రాయడానికి రెండు పద్ధతులున్నాయి. ఫలానా డ్రైవు, ఫలానా ఫోల్డరు, ఫలానా ఫైలు అని మొదట్నుంచీ పూర్తిగా రాయడం ఒకటి. 'ఈ పట్టీ ఉన్న ఫోల్డర్లోనే వెతుకు' అన్నట్టు పొట్టిగా రాయడం రెండోది. మొదటిది హైదరాబాద్ పాతబస్తీ ఇంటి నంబరు లాంటిది. మున్సిపాలిటీ కొత్త నంబర్లు వేసిన రోజున ఇల్లు అక్కడే ఉంటుంది, ఉత్తరం మాత్రం చేరదు. ఆండ్రాయిడ్‌లో ఆ నంబర్లు మారుతూనే వచ్చాయి. మొదట్లో 'ఎస్‌డీకార్డ్' అని ఉండే దారి 2012 తర్వాత 'స్టోరేజ్, ఎమ్యులేటెడ్, సున్నా' అయింది. 2015లో ఆండ్రాయిడ్ 6 వచ్చాక బయటి మెమరీ కార్డుకు దాని సీరియల్ నంబరే దారిలో పేరైంది. పాటలన్నీ కొత్త కార్డులోకి పొల్లుపోకుండా కాపీ చేసినా సరే, కార్డు వేరు కనుక దారీ వేరే. పాత పట్టీకి పాటలు కనబడవు.

2008 అక్టోబరులో మొదటి ఆండ్రాయిడ్ ఫోను, హెచ్‌టీసీ తయారుచేసిన జీ1, అమెరికాలో అమ్మకానికి వచ్చింది. పాటల ఫోను అనిపించుకునే లక్షణం దానికి తక్కువే. ఇయర్‌ఫోన్ పెట్టుకోవడానికి మామూలు రంధ్రం కూడా లేదు, అడాప్టర్ తగిలించాలి. కానీ అందులో ఒక మంచి ఆలోచన ఉంది. పాటల వివరాలను ఏ ఆప్ తన దగ్గర దాచుకోనక్కర్లేదు, ఫోను మొత్తానికి ఒకటే పద్దు ఉంటుంది. దాని పేరు మీడియాస్టోర్. కార్డు పెట్టగానే ఒక స్కానరు ఫోల్డర్లన్నీ వెతికి, దొరికిన ప్రతి పాటకూ ఒక అంకె ఇచ్చి, ఎస్‌క్యూలైట్ డేటాబేసులో నమోదు చేస్తుంది. ప్లేలిస్టులకూ అక్కడే పట్టికలున్నాయి. ఫలానా ప్లేలిస్టులో ఫలానా అంకె గల పాట ఎన్నో స్థానంలో ఉందో వాటిలో రాసి ఉంటుంది. ఒక ప్లేయరులో చేసిన ప్లేలిస్టు ఇంకో ప్లేయరులోనూ కనబడాలన్నది ఉద్దేశం. ఇప్పటికీ నాకు ఇది ఆండ్రాయిడ్ తొలినాటి ఉదారమైన ఆలోచనల్లో ఒకటిగానే తోస్తుంది.

దెబ్బతిన్నది ఆ అంకెల దగ్గర. పద్దు ఏ కారణంగానైనా చెరిగిపోతే స్కానరు మళ్లీ మొదలుపెట్టి కొత్త అంకెలు ఇస్తుంది. అప్పట్లో పాటలన్నీ తిరిగొచ్చేవి, ప్లేలిస్టులు వచ్చేవి కావు, ఎందుకంటే వాటికి వేరే ఫైలు ఉండేది కాదు. పాటలు సరిగా కనిపించడం లేదంటే 'మీడియా స్టోరేజ్ డేటా క్లియర్ చెయ్యి' అని సలహా ఇచ్చేవాళ్లు అప్పట్లో ప్రతి వీధిలోనూ ఉండేవాళ్లు. ఆ సలహాతో ఎన్ని పట్టీలు గాల్లో కలిసిపోయాయో.

స్కానరుకు పాట వినబడదు. ఫైలుకు అతికించిన చీటీని చదువుతుందంతే. ఆ చీటీ పేరు ఐడీ3. 1996లో ఎరిక్ కెంప్ మొదలుపెట్టిన మొదటి రూపంలో పాట ఫైలు చివర 128 బైట్లు కేటాయించారు. పాట పేరుకు 30, పాడినవాళ్ల పేరుకు 30, ఆల్బమ్‌కు 30. ఇంగ్లిషు అక్షరం ఒక బైటులో ఇమిడిపోతుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగుకు ఒక్కో సంకేతానికి మూడు బైట్లు కావాలి. గుణింతం గుర్తూ, ఒత్తుకు ముందొచ్చే పొల్లూ విడిగా లెక్కకొస్తాయి. 'బాలసుబ్రహ్మణ్యం' అని రాయడానికి 45 బైట్లు. ఆ పేరు ఆ గదిలో పట్టదు, అసలు ఆ గది మన లిపిని ఊహించి కట్టిందే కాదు. 1998లో వచ్చిన ఐడీ3 రెండో రూపం ఈ ఇరుకును తీసేసింది. తెరమీద తెలుగు చూపడం మాత్రం ఆండ్రాయిడ్‌కు 2012లో వచ్చిన 4.1 జెల్లీ బీన్ దాకా పట్టింది. అప్పటివరకూ చాలా ఫోన్లలో తెలుగు పేరుంటే వరసగా డబ్బాలు కనిపించేవి.

అందుకే మన పాటల పేర్లన్నీ ఇంగ్లిషు అక్షరాల్లోకి వెళ్లిపోయాయి. దానితో ఇంకో చిక్కు. ఘంటసాల పేరులో హెచ్ ఒకచోట ఉంటుంది, ఇంకోచోట ఉండదు. బాలు ఒకచోట పూర్తిపేరు, ఒకచోట పొడి అక్షరాలు, మరోచోట ఉత్త 'బాలు'. మనిషికి ఒక్కరే, స్కానరుకు ముగ్గురు. ఉచితంగా పాటలు దింపుకున్న సైట్లు తమ పేరే గాయకుడి స్థానంలో రాసి వదిలిన చీటీలైతే చెప్పనక్కర్లేదు. సింగర్ల వరసలో వెతికితే మీ ఘంటసాల పాటలు సగమే దొరుకుతాయంటే తప్పు ఫోనుది కాదు, చీటీది. ట్యాగ్ ఎడిటర్ ఆప్‌లు ఉన్నాయి. ఓపికుంటే ఒక ఆదివారం కూర్చుని సరిచేసుకోవచ్చు.

మన జనం ఈ చీటీల గొడవను పట్టించుకోకుండా తమ దారి తాము చూసుకున్నారు. సెల్ షాపుకు వెళ్లి పదో ఇరవయ్యో ఇస్తే మెమరీ కార్డులోకి పాటలు ఎక్కించేవాళ్లు. షాపువాడి కంప్యూటర్లో ఇళయరాజా హిట్స్, అయ్యప్ప భజనలు, పెళ్లి పాటలు, జానపదాలు ఫోల్డర్లుగా ఉండేవి. ఫోల్డరే ప్లేలిస్టు. వరస కావాలంటే ఫైలు పేరుకు ముందు 01, 02 అని వేస్తారు. కారు స్టీరియోల్లో చాలావాటికి అదీ అవసరం లేదు. పెన్‌డ్రైవులోకి ఏ వరసలో కాపీ చేస్తే ఆ వరసలోనే వాయిస్తాయి. చదువుకున్న ఇంజనీర్ల డేటాబేసు కన్నా ఈ మోటు పద్ధతికే ఆయుష్షు ఎక్కువైంది. ఫోల్డరును కాపీ చేస్తే పాట, పట్టీ రెండూ కలిసే వెళ్తాయి, క్యాసెట్‌లో లాగే. ఇప్పటికీ కొత్త ప్లేయరు వేసుకున్నవాళ్లు మొదట వెతికేది 'ఫోల్డర్స్' అన్న మీటనే.

2020 నాటి ఆండ్రాయిడ్ 11లో గూగుల్ సగం వెనక్కి వచ్చింది. ప్లేలిస్టును డేటాబేసులో మాత్రమే ఉంచకుండా, పక్కన ఎం3యు వంటి ఫైలుగానూ రాయడం మొదలుపెట్టింది. ఆ మరుసటి ఏడాది, ఆండ్రాయిడ్ 12తో పాటు, ఆప్‌లు రాసేవాళ్లకు కబురు చెప్పింది. ఉమ్మడి ప్లేలిస్టుల సదుపాయం పాతది పాడవకుండా ఉంటుంది కానీ కొత్తగా దానిమీద ఏమీ కట్టొద్దు, కావాలంటే ఎం3యు ఫైళ్లు వాడుకోండి అని. పదమూడేళ్లు తిరిగి బండి 1995 దగ్గరికే వచ్చి ఆగింది. ఉమ్మడి పద్దు ఎందుకు నిలవలేదన్నది ఊహించడం కష్టం కాదు. చాలా ప్లేయర్లు ఎవరి పుస్తకం వాళ్లే పెట్టుకున్నాయి.

ఈలోగా ఎం3యు ఇంకోచోట రాజ్యమేలుతోంది. 2009లో ఆపిల్ తన ఫోన్లకు వీడియో పంపడానికి హెచ్ఎల్ఎస్ అనే పద్ధతి తయారుచేసింది. వీడియోను సుమారు ఆరు సెకన్ల ముక్కలుగా కోసి, ముక్కల చిరునామాలను ఒక పట్టీలో వరసగా రాస్తుంది. ఆ పట్టీ మన ఎం3యునే, యూటీఎఫ్-8 అక్షరాలతో. అందుకే తోకకు 8 చేరి ఎం3యు8 అయింది. లైవ్ ప్రసారంలో ప్లేయరు ఆ పట్టీని మళ్లీ మళ్లీ తెచ్చుకుని చివర చేరిన కొత్త ముక్కలను అందుకుంటూ పోతుంది. ఫోనులో లైవ్ క్రికెట్ చూసేవాళ్లలో చాలామంది, తెలియకుండానే, ఓవరు ఓవరుకూ ఒక పాటల పట్టీని చదివిస్తున్నారు.

ఇక మన ఫోనులోని పట్టీల సంగతి. ఫైల్స్ ఆప్‌లో వెతికే చోట ఎం3యు అని ఇంగ్లిషులో కొడితే, ఫోనులో ఆ ఫైళ్లు ఎక్కడున్నా బయటపడతాయి. ఏమీ రాలేదంటే ప్లేలిస్టులు ప్లేయరు ఆప్ కడుపులో ఉన్నాయన్నమాట. ఆ ఆప్ తీసేస్తే అవీ పోతాయి. చాలా ప్లేయర్లలో సెట్టింగుల్లోనో, ప్లేలిస్టు పక్కనున్న మూడు చుక్కల్లోనో 'ఎక్స్‌పోర్ట్' ఉంటుంది. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలును పాటలున్న మ్యూజిక్ ఫోల్డర్లోనే ఉంచి, లోపల చిరునామాలు పొట్టి పద్ధతిలో ఉన్నాయో లేదో ఒకసారి తెరిచి చూడటం మంచిది. కంప్యూటర్లో చేసిన పట్టీ అయితే విండోస్ వాడే వెనక్కి వాలిన గీతలను ముందుకు వాలిన గీతలుగా మార్చాలి. ఫైలు పేర్లలో తెలుగు ఉంటే ఎం3యు8గా దాచాలి, లేకపోతే ప్రశ్నార్థకాలే మిగులుతాయి. పాటలే కనబడకపోతే అనుమతి చూడాలి. 2022 నాటి ఆండ్రాయిడ్ 13 నుంచి బొమ్మలకు, వీడియోలకు, శబ్దాలకు అనుమతులు విడివిడిగా అడుగుతున్నారు. ఘంటసాల తర్వాత ఎవరో వాట్సాప్‌లో పంపిన ప్రవచనం ముక్క మోగుతోందా? ఆ ఫోల్డర్లో 'డాట్ నోమీడియా' అనే ఖాళీ ఫైలు పెడితే స్కానరు అటు తొంగిచూడదు. ఒక నిమిషం కన్నా చిన్నవాటిని వదిలేయమని చెప్పే వీలు కూడా కొన్ని ప్లేయర్లలో ఉంది.

ఆన్‌లైన్ ప్లేలిస్టులకు ఈ వైద్యాలేవీ పనిచేయవు. అక్కడ పట్టీ కంపెనీ సర్వర్లో ఉంటుంది, ఫోనులో కనిపించేది దాని నీడే. గూగుల్ 2011లో మొదలుపెట్టిన సంగీత సేవలో మన పాటలు 20,000 దాకా ఉచితంగా ఎక్కించుకోనిచ్చింది. అదే గూగుల్ ప్లే మ్యూజిక్ పేరుతో 2017 ఏప్రిల్లో నెలకు 89 రూపాయల చందాతో మన దేశంలోనూ పాటలు వినిపించింది. 2020 చివరికల్లా మూసేశారు. యూట్యూబ్ మ్యూజిక్‌కు మార్చుకోనివాళ్ల పాటలు, పట్టీలు 2021 ఫిబ్రవరి 24 తర్వాత తుడిచిపెట్టుకుపోయాయి. యూట్యూబ్ మ్యూజిక్ ఫోనులోని ఫైళ్లను కూడా వినిపిస్తుంది గానీ, వాటిని ఆన్‌లైన్ పట్టీలో కలవనివ్వదు. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు.

ఒక సేవ నుంచి ఇంకో సేవకు పట్టీ మార్చే ఆప్‌లు పాటల పేర్లు పోల్చి చూస్తాయి. ఇళయరాజా అభిమానులకు ఇక్కడ ముప్పు ఎక్కువ. ఒకే బాణీ తమిళంలోనూ తెలుగులోనూ ఉంటే, సినిమా పేరూ ఒకటే అయితే, తెలుగు పాట బదులు తమిళం వచ్చి కూర్చోవచ్చు. రికార్డింగుకొక్కటి చొప్పున ఇచ్చే 12 అక్షరాల ఐఎస్ఆర్‌సీ సంకేతం రెండు సేవల్లోనూ సరిగా నమోదై ఉంటేనే ఈ పొరపాటు తప్పుతుంది. మార్చిన పట్టీని ఒకసారి వినకుండా పాతదాన్ని చెరపకూడదు.

గూగుల్ టేక్‌అవుట్ ద్వారా యూట్యూబ్ ప్లేలిస్టులు దింపుకోవచ్చు. సీఎస్‌వీ ఫైలుగా వస్తాయి. తెరిచి చూస్తే పాట పేరుండదు, వీడియోకు ఇచ్చిన 11 అక్షరాల సంకేతం, దాన్ని ఎప్పుడు చేర్చామన్న తేదీ ఉంటాయి. ఎక్కించినవాళ్లు ఆ వీడియో తీసేస్తే ఆ సంకేతం ఏ పాటదో ఆ ఫైలు చెప్పలేదు. కాబట్టి దింపుకున్న రోజే పక్క గడిలో పాట పేరూ, పాడినవాళ్ల పేరూ రాసిపెట్టుకోవాలి.