మాత్రయా? సంగటిముద్దయా?

గత సంవత్సరము వార్షిక పరీక్షలకు ముందు మా తరగతిలో ఒక విద్యార్థిని పాఠము వినుచునే కండ్లు తిరిగి పడిపోయినది. ముఖముపై నీళ్ళు చల్లి, కూర్చుండబెట్టి విచారింపగా రెండు సంగతులు తెలిసినవి. ఉదయమునుండి ఆమె ఏమియు తినలేదు. కాని జ్ఞాపకశక్తి పెరుగునని ఎవరో చెప్పగా కొన్న విటమిను మాత్రల సీసా మాత్రము ఆమె సంచిలో ఉన్నది. తండ్రి కూలిపని చేయువాడు. ఆ సీసా వెల ఆయన ఒకనాటి కూలికి తక్కువ కాదు. వైద్యుడు రక్తపరీక్ష చేయించి, హీమోగ్లోబిను 9 గ్రాములే ఉన్నదనెను. స్త్రీలకు కనీసము 12 ఉండవలెను.

మేము వైద్యులము కాము, తెలుగు బోధించువారము. అయినను విటమినులను సీసాలో వెదకవలెనా, కంచములో వెదకవలెనా అను ప్రశ్న ఆనాటినుండి మమ్ము విడువలేదు. చదివి, తెలిసినవారిని అడిగి గ్రహించిన దానిని విద్యార్థినీ విద్యార్థుల ముందుంచుచున్నాము.

విటమినుల కథ అన్నపు కుండ దగ్గరనే ఆరంభమైనది. తవుడంతయు పోవునట్లు తెల్లగా పాలిషు పట్టిన బియ్యమే ప్రధానాహారమైన చోట్ల బెరిబెరి అను వ్యాధి ప్రబలెడిది. ఒకప్పటి ఉత్తర సర్కారు జిల్లాలు ఈ వ్యాధికి పేరుపడినవి. తవుడుతోబాటు పోవు థయామిను లోపమే దీనికి కారణమని తరువాత తేలినది. బెరిబెరిపై పరిశోధనకై 1918లో కూనూరులో నెలకొల్పిన చిన్న ప్రయోగశాలయే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా ప్రసిద్ధికెక్కినది.

మాత్ర కూడ ఆహారమునుండి పుట్టినదే. లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు 1928 నుండి బొంబాయిలో పేద గర్భవతుల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారముతో అది నయమగుట కనుగొనెను. అందలి గుణము ఫోలిక్ ఆమ్లమునది. 1945లో దానిని కృత్రిమముగా తయారుచేసిన అమెరికా పరిశోధకులకు మార్గదర్శి, 1895లో భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. గర్భధారణకు ముందునుండియే ఈ మాత్ర తీసికొన్నచో శిశువునకు వెన్నుపాము లోపములు చాలవరకు కలుగవని 1991లో వెలువడిన పరిశోధన నిరూపించినది. కనుక మాత్రను తృణీకరించుట అవివేకము.

అయితే మాత్ర ఆహారమునకు మారు కాగలదా? ఫిన్లాండు దేశపు అనుభవము ఇచ్చట గమనింపదగినది. కూరలు, పండ్లు బాగుగా తినువారిలో ఊపిరితిత్తుల కాన్సరు తక్కువగా కనబడుటచే, వానిలోని కెరోటినునే వేరుచేసి మాత్రగా ఇచ్చి చూచిరి. ఆ పరీక్షలో పాల్గొన్నవారు 29,133 మంది పొగత్రాగు పురుషులు. 1994లో ఫలితములు వెలువడగా, కెరోటిను మాత్ర మ్రింగినవారిలో కాన్సరు తగ్గకపోగా 18 శాతము ఎక్కువైనది! కూరలో ఒక్క కెరోటినే గాక పీచు, లవణములు, ఇతర పదార్థములెన్నో కలసి ఉండును. వానిలో ఒకదానిని ఏరి అధికముగా ఇచ్చినంతనే కూర తిన్న ఫలము రాదు. పైగా సి విటమిను ఎక్కువైనచో మూత్రముతో పోవును గాని, ఎ, డి విటమినులు శరీరములో నిలువచేరి, మితిమీరినచో హాని చేయును.

మన చిత్తూరు, తిరుపతి జిల్లాల కంచమును ఒకసారి చూడుడు. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. తెల్లబియ్యములో అది పది మిల్లీగ్రాములకు మించదు. చెనక్కాయలలో నాలుగవ వంతు మాంసకృత్తులు, పుష్కలముగా నయాసిను కలవు. పెరటి మునగాకులోను, మన తోటల మామిడిపండులోను కెరోటిను ఉన్నది. ఒక్క జామపండు ఆనాటికి వలసిన సి విటమినును ఇచ్చును. ఆకుకూరలు, ఉలవలు, మా ఇండ్లలో కలేజీ అని పిలుచుకొను కాలేయము ఇనుము నిచ్చును. భోజనముతో నిమ్మరసము చేర్చినచో ఆకుకూరలలోని ఇనుము బాగుగా ఒంటబట్టును; వెంటనే టీ త్రాగినచో చాలభాగము వృథాయగును. సంగటి, ఊరుబిండి పల్లెటూరి తిండియని సిగ్గుపడి, అప్పుచేసి సీసాలు కొనుట ఎంతటి విపరీతము!

అట్లని మాత్ర అందరికీ అనవసరము కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశములో 15-49 ఏండ్ల స్త్రీలలో 58.8 శాతము మందికి రక్తహీనత ఉన్నది. అనగా ఏ తరగతిలోనైనను పదిమంది బాలికలలో ఐదారుగురికి ఉండవచ్చును. లోపము ముదిరినపుడు ఆహారమొక్కటే త్వరగా పూడ్చలేదు. వైద్యుడు చెప్పిన ఇనుపమాత్ర చెప్పినన్నాళ్ళు వాడవలెను. గర్భవతులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లము అవసరము. బి-12 సహజముగా మాంసము, చేపలు, గ్రుడ్లు, పాలలోనే లభించును గనుక శాకాహారులు, అందును పాలుకూడ త్రాగనివారు, దాని విషయమున జాగరూకులు కావలెను. ఎండ తగులక ఇంటిపట్టుననే ఉండువారికి డి విటమిను కొరత కలుగవచ్చును. లోపమేదో పరీక్షలో తేలిన పిమ్మట మాత్ర వేసికొనుట వైద్యము. ప్రకటన చూచి వేసికొనుట ధనవ్యయము.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపము. 2023లో రాష్ట్ర ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకములో రాగిజావను చేర్చినది. మన క్యాంటీనులో కూడ ఉదయము రాగిజావ, ఉడికించిన చెనక్కాయలు, జామపండ్లు చవుకగా లభించునట్లు చూడవలెను. ఏటేట విద్యార్థులందరికి హీమోగ్లోబిను పరీక్ష జరిపించవలెను. రెండింటికిని పెద్ద ఖర్చు కాదు.

ఆ విద్యార్థిని వైద్యుడు వ్రాసిన ఇనుపమాత్రలను కొన్ని మాసములు విడువక వాడినది. ఉదయము తినకుండ ఇల్లు కదలనని తల్లికి మాట ఇచ్చినది. పరీక్షలు వ్రాసినది, ఉత్తీర్ణురాలైనది. ఆ సీసా మరల కొనలేదు. ఆ డబ్బుతో ఏమి చేసితివమ్మా యని అడుగగా, "నెలకు సరిపడ రాగులు తెచ్చుకొన్నాము సార్" అన్నది.