స్పోర్ట్స్ బైకుకు కొత్త టైర్లు - ఎన్నుకోవడం ఎలా?

మన హాస్టల్ వార్షికోత్సవానికి వచ్చే పూర్వ విద్యార్థుల్లో ఇప్పుడు చాలామంది మోటారు సైకిళ్ళ మీదే వస్తున్నారు. ఉద్యోగాలు వచ్చిన అన్నలు కొందరు, పగలు డెలివరీ పని చేసుకుంటూ రాత్రిపూట గ్రూప్స్‌కూ కానిస్టేబుల్ పరీక్షలకూ చదువుకుంటున్నవాళ్ళు కొందరు. గేటు పక్కన నిలబెట్టిన బండ్లలో పల్సర్ 220లు, ఆర్15లు ఎక్కువ. అన్నీ షోరూము నుంచి వచ్చినవి కావు, రెండు మూడు చేతులు మారినవే ఎక్కువ. అలాంటి బండి కొన్నవారికి మొదట ఎదురయ్యే పెద్ద ఖర్చు టైర్లు. ఇంజన్ ఆయిలు ఎప్పుడు మార్చాలో అందరికీ ఎంతో కొంత తెలుసు. టైరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం షాపతను చూపించింది తీసుకుంటాం, లేదా "ఇంకా లావుది లేదా అన్నా?" అని అడుగుతాం. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో పాలిమర్లు చదువుతున్నాను. రబ్బరు కూడా పాలిమరే కనుక ఈ విషయం గురించి నాకు తెలిసినంతవరకు రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. బండి ఎంత పెద్దదైనా అది రోడ్డును తాకేది రెండే రెండు చోట్ల. ఒక్కో చోటు సుమారుగా మన అరచేయంత. ఇంజను ఇచ్చే శక్తి, బ్రేకు పట్టే పట్టు, మలుపులో మనల్ని నిలబెట్టే బలం అన్నీ ఆ రెండు అరచేతుల గుండానే రోడ్డుకు చేరాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సి.సి. దాటిన కొత్త బండ్లన్నిటికీ ఎ.బి.ఎస్. తప్పనిసరి అయింది. మంచిదే. కానీ ఎ.బి.ఎస్. చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది గాని, టైరులో లేని పట్టును తెచ్చిపెట్టలేదు.

ఈ పట్టు ఎక్కడి నుంచి వస్తుంది? టైరు మీదున్న గాడుల నుంచి అని మనలో చాలామంది నమ్మకం. అది పొరపాటు. మోటోజీపీ పందాలలో పొడి రోడ్డు మీద వాడే టైర్లకు గాడులే ఉండవు, బోడిగుండులా నున్నగా ఉంటాయి. పట్టునిచ్చేది మెత్తని రబ్బరు. రోడ్డు పైకి నున్నగా కనిపించినా దగ్గరగా చూస్తే గరుకు కాగితంలా ఎగుడుదిగుడుగా ఉంటుంది. మెత్తని రబ్బరు ఆ సందుల్లోకి ఒదిగి, వాటిని పట్టుకుని, మళ్ళీ వదులుతుంది. గాడుల పని వేరు. వానలో టైరు కింద చేరిన నీటిని పక్కకు తోసేయడం వాటి పని. అయితే అరిగిన టైరు కూడా నున్నగానే ఉంది కదా, పందెం టైరు లాంటిదే కదా అనుకోకూడదు. దానిలో మిగిలిన రబ్బరు పలచన, పైగా గట్టిపడిపోయి ఉంటుంది. వాన పడితే నీరు పోయే దారి లేక చక్రం నీటిపొర మీద జారుతుంది.

టైరు మార్చవలసిన సమయం ఎప్పుడొచ్చిందో తెలుసుకోవడానికి కంపెనీవారే గుర్తు పెడతారు. టైరు పక్క భాగంలో చిన్న త్రికోణం గాని, టి.డబ్ల్యు.ఐ. అనే అక్షరాలు గాని ఉంటాయి. దానికి ఎదురుగా గాడి అడుగున మిల్లీమీటరు లోపు ఎత్తులో చిన్న కట్ట కనిపిస్తుంది. చుట్టూ ఉన్న రబ్బరు ఆ కట్టతో సమానమైతే ఆ టైరు పని అయిపోయినట్టే. హైవే మీద ఎక్కువ తిరిగేవారి వెనక టైరు అంచుల కన్నా ముందు నడుమ అరిగి చదునవుతుంది. అలాంటి బండి మలుపులో వంగనని మొరాయించి, ఒక్కసారిగా పడిపోయినట్టు వంగుతుంది. హ్యాండిల్ బేరింగులో లోపం అనుకుని దాన్ని మార్పించినవాళ్ళు కూడా ఉన్నారు.

ఇక కొత్త టైరు సంగతి. పాత టైరు మీద ఏం రాసి ఉందో ముందు చదవండి. ఉదాహరణకు పల్సర్ 220 వెనక టైరు మీద 120/80-17 అనీ, దాని పక్కన 61పి అనీ ఉంటుంది. 120 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 80 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 80 శాతం, అంటే 96 మిల్లీమీటర్లు. 17 అంటే రిమ్ము వ్యాసం అంగుళాలలో. 61 అన్నది బరువుకు గుర్తు, ఆ టైరు 257 కిలోల వరకు మోయగలదు. పి అన్నది వేగానికి, గంటకు 150 కిలోమీటర్ల దాకా. ఎస్ అయితే 180, హెచ్ అయితే 210. కొత్తగా కొనేదానిమీద బరువు అంకె గాని, వేగం అక్షరం గాని పాతదానికన్నా తక్కువ ఉండకూడదు. ఎక్కువ ఉంటే ఇబ్బంది లేదు. సెకండ్ హ్యాండు బండి అయితే పాత టైరును కూడా పూర్తిగా నమ్మకండి, అంతకుముందు యజమాని ఏం వేయించాడో మనకు తెలియదు. చైను కవరు మీద గాని స్వింగ్ ఆర్మ్ మీద గాని ఉండే స్టిక్కరు, లేదా బండితో ఇచ్చే పుస్తకం చూసుకోండి.

లావు టైరు మోజు గురించి కొంచెం వివరంగానే చెప్పాలి. 120/80 తీసేసి 140/70 వేయిద్దామని కొందరికి ఉంటుంది. లెక్క కట్టి చూద్దాం. 140లో 70 శాతం 98 మిల్లీమీటర్లు. పాతదానికీ దీనికీ ఎత్తులో తేడా రెండే మిల్లీమీటర్లు, కాబట్టి చక్రం మొత్తం వ్యాసం దాదాపు మారదు, బండికి ఎక్కుతుంది కూడా. చిక్కు రిమ్ము దగ్గర వస్తుంది. 120 టైరు కోసం చేసిన రిమ్ము 140కి ఇరుకు. లావు టైరును ఇరుకు రిమ్ముకు ఎక్కిస్తే దాని రెండు అంచులు లోపలికి నొక్కుకుపోయి, నడుమ భాగం గుడ్డు కొనలా పైకి లేస్తుంది. అప్పుడు రోడ్డును తాకే భాగం పెరగకపోగా దాని ఆకారమే మారిపోతుంది. డబ్బు పెట్టి కొన్న వెడల్పు వెనక నుంచి చూసేవాళ్ళకే తప్ప రోడ్డుకు అందదు. పైగా బరువు పెరిగి మైలేజీ తగ్గుతుంది, బండి వంగడానికి బద్ధకిస్తుంది, ఒక్కోసారి చైనుకు రాసుకుంటుంది. ఫొటోలో బాగుంటుంది, కాదనను.

సైజు అంకెల మధ్య చిన్న గీత ఉంటే అది బయాస్ టైరు, ఆర్ అక్షరం ఉంటే రేడియల్. బయాస్‌లో లోపలి దారాలు ఏటవాలుగా ఒకదానిమీద ఒకటి అడ్డంగా పోతాయి. రేడియల్‌లో ఈ అంచు నుంచి ఆ అంచుకు నేరుగా పోతాయి. వేగంలో రేడియల్ తక్కువ వేడెక్కుతుంది, ఎక్కువ నిలకడగా ఉంటుంది. 2011లో వచ్చిన రెండో వెర్షన్ నుంచి ఆర్15కు వెనక రేడియల్, ముందు బయాస్ ఇస్తున్నారు. అలా కలపడం కంపెనీవారు పరీక్షించి చేసిన పని. మనంతట మనం ముందు రేడియల్, వెనక బయాస్ వేయకూడదు.

"ఏ కంపెనీ మంచిది?" అని అందరూ అడుగుతారు. ఎం.ఆర్.ఎఫ్., సియట్, అపోలో, టి.వి.ఎస్., మిషలిన్, ఎవరిదైనా ఒకే కంపెనీ మెత్తని రకమూ చేస్తుంది, గట్టి రకమూ చేస్తుంది. (ఎం.ఆర్.ఎఫ్. ఫ్యాక్టరీ ఒకటి మన సదాశివపేటలోనే ఉంది. బస్సులో అటు వెళ్ళేవాళ్ళు చూసే ఉంటారు.) అడగవలసింది కంపెనీ పేరు కాదు, ఆ కంపెనీలో ఏ రకం అని. మెత్తని రబ్బరు బాగా పట్టుకుంటుంది, త్వరగా అరిగిపోతుంది. గట్టిది చాలాకాలం వస్తుంది, తడిరోడ్డు మీద పట్టు తక్కువ. ఇక్కడ జేబు లెక్క కూడా చూసుకోవాలి. మెత్తని టైరు ధర ఒకటిన్నర రెట్లు ఉండి, సగం దూరమే వచ్చిందనుకోండి. కిలోమీటరుకు పడే ఖర్చు మూడింతలు. రోజూ వంద కిలోమీటర్లు తిరిగి డెలివరీ చేసే తమ్ముడికి అది గిట్టదు. గిట్టక అరిగిపోయినా మార్చకుండా నడుపుతాడు. దానికన్నా మధ్యరకం టైరు వేసుకుని సమయానికి మార్చుకోవడమే అతనికి క్షేమం. స్పోర్ట్స్ బైకు కదా అని ట్రాక్ టైర్లు కొనడం అసలే వద్దు. వాటి రబ్బరు బాగా వేడెక్కితేనే మెత్తబడుతుంది. మన ఊరి సిగ్నళ్ళ మధ్య ఆ వేడి రాదు. చలికి రబ్బరు గట్టిపడితే ఏమవుతుందో 1986లో ఛాలెంజర్ వ్యోమనౌక ప్రమాదంలో ప్రపంచం చూసింది. రిచర్డ్ ఫైన్‌మన్ అనే శాస్త్రవేత్త విచారణలో అందరి ముందు ఆ రబ్బరు ముక్కను ఐసు నీటిలో ముంచి చూపించాడు.

అన్నిటికన్నా ఎక్కువమంది వదిలేసేది తయారీ తేదీ. టైరు పక్కన చిన్న గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 1424 అని ఉంటే 2024వ సంవత్సరం పద్నాలుగో వారంలో తయారైందని అర్థం. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టినట్టు, రబ్బరు గొలుసులను గంధకంతో ఒకదానికొకటి ముడివేస్తేనే టైరుకు బలం వస్తుంది. ఇంటర్ పుస్తకంలో చదివినదే. వాడినా వాడకపోయినా ఏళ్ళు గడిచేకొద్దీ ఎండ, గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ వల్ల ఆ గొలుసుల్లో కొన్ని తెగుతాయి, కొన్నిచోట్ల కొత్త ముడులు పడతాయి. రబ్బరు గట్టిపడి, పక్కన వెంట్రుకల్లాంటి పగుళ్ళు వస్తాయి. గాడులు మాత్రం కొత్తగానే కనిపిస్తాయి. మన హాస్టల్లో నాకన్నా నాలుగేళ్ళు సీనియర్ అయిన ఒక అన్న కొన్న సెకండ్ హ్యాండు బండి టైర్లు నల్లగా నిగనిగలాడుతూ ఉండేవి, పాలిష్ కొట్టి అమ్మారు. తొలకరి వానకు ఒక కల్వర్టు దగ్గర బ్రేకు వేస్తే వెనక చక్రం పక్కకు పోయింది. భుజం ఎముక విరిగింది. పదిహేను రోజుల్లో ఎస్.ఐ. ఉద్యోగానికి పరుగు పరీక్ష. రాతపరీక్ష పాసై కూడా వెళ్ళలేకపోయాడు. తరవాత ఆ టైరు మీద తేదీ చూస్తే తొమ్మిదేళ్ళ కిందటిది. తొలి వానలో రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి జారుతుందన్నది నిజమే, కానీ ఆ రోజు ఆ కల్వర్టు మీదుగా ఇంకా చాలా బండ్లు వెళ్ళాయి. అందుకే కొనేటప్పుడు ఏడాది లోపు తయారైనదే ఇమ్మని అడగండి, సిగ్గుపడకండి. ఐదేళ్ళు దాటితే ఏటా పరీక్ష చేయించండి. ఐ.ఎస్.ఐ. గుర్తు కూడా చూసుకోండి. 2009 నాటి కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం అది తప్పనిసరి.

చవకగా వస్తాయని వాడిన టైర్లు కొనడం, గాడులు కత్తితో మళ్ళీ తీయించడం కూడా ఉంది. మా నాన్న లారీ క్లీనరుగా చేరి డ్రైవరైనవాడు. లారీలకు రీట్రేడింగ్ చేయించడం నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. డిగ్రీ చదువుతున్నప్పుడు "లారీకి పనికొచ్చింది బైకుకు ఎందుకు పనికిరాదు?" అని అడిగాను. "లారీ వెనక ఇరుసుకు నాలుగు టైర్లురా, ఒకటి పోతే మూడు మోస్తాయి. నీ బండికి ఏది మోస్తుంది?" అన్నాడు. పైగా ముందు చక్రాలకు ఆయన రీట్రేడింగ్ టైరు ఎప్పుడూ వేయనిచ్చేవాడు కాదు. నా పుస్తకాల్లో ఇంత సూటిగా ఎక్కడా లేదు.

డబ్బు ఒక్క టైరుకే ఉంటే ఏది మార్చాలన్నది మరో ప్రశ్న. వెనకది త్వరగా అరుగుతుంది కాబట్టి మామూలుగా దాని వంతే ముందు వస్తుంది. కానీ బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకు వస్తుంది, ఆపే పని ఎక్కువగా ముందు టైరే చేస్తుంది. ముందు టైరు గట్టిపడి పగుళ్ళిచ్చి ఉంటే దాన్ని వాయిదా వేయకండి.

బిగించేటప్పుడు పక్కనే నిలబడి చూడండి. టైరు మీద బాణం గుర్తు ఉంటుంది, చక్రం ముందుకు తిరిగే దిక్కుకు అది ఉండాలి. ట్యూబ్‌లెస్ అయితే వాల్వు కూడా కొత్తది వేయించండి, ఖర్చు తక్కువే. పంక్చరు పడగానే ట్యూబ్‌లెస్ టైరులో ట్యూబు వేసి పంపించడం చాలాచోట్ల అలవాటు. అలా వేస్తే ట్యూబు, టైరు రాసుకుని వేడెక్కుతాయి, మేకు దిగితే గాలి ఒక్కసారిగా పోతుంది. బయటి నుంచి గుచ్చే స్ట్రిప్ ఇల్లు చేరడానికి సరిపోతుంది, తరవాత లోపలి నుంచి ప్యాచ్ వేయించాలి. పక్క గోడలో పడిన పంక్చరుకు మరమ్మతు లేదు. నైట్రోజన్ నింపించమని కూడా అంటారు. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే అని ఏడో తరగతి తమ్ముడు కూడా చెబుతాడు. ఆ డబ్బుతో ఒక చిన్న గేజి కొనుక్కుని, వారానికోసారి పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి చూసుకుంటే ఎక్కువ లాభం. స్టిక్కరు మీద ఒక్కరు కూర్చుంటే ఒక అంకె, ఇద్దరైతే మరో అంకె ఉంటుంది. ఊరికి వెళ్ళేటప్పుడు వెనక అమ్మనో నాన్ననో ఎక్కించుకుంటే ఆ రెండో అంకె ప్రకారం కొట్టించాలి.

కొత్త టైరు వేయించిన రోజే స్పీడు చూపించవద్దు. అచ్చు నుంచి వచ్చినప్పటి నునుపు దాని మీద ఉంటుంది. మొదటి 100, 150 కిలోమీటర్లు గట్టి బ్రేకులు, పెద్ద వంపులు లేకుండా నడిపితే ఆ పొర పోయి రబ్బరు బయటపడుతుంది. కోతల కాలంలో మన రోడ్ల మీద వడ్లు, మొక్కజొన్న ఆరబోస్తారు. గింజలు చక్రం కింద గోళీల్లా దొర్లుతాయి, అక్కడ ఎంత ఖరీదు టైరైనా ఒకటే. దూరం నుంచే వేగం తగ్గించి, వంచకుండా, బ్రేకు తాకకుండా నిలువుగా దాటాలి.

పాత టైరు సంగతి ఒకటి మిగిలింది. దాన్ని భోగి మంటలో వేయడానికి పిల్లలకు ఇవ్వకండి. అందులోని గంధకం కాలి సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది, ఆ నల్ల పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు. టైరు షాపులో పాతవి కొనేవాళ్ళకు వేస్తారు, పొడి చేసి తారులో కలిపి రోడ్లకు వాడుతున్నారు. అక్కడ వదిలేసే ముందు పక్క గోడకు కత్తితో రెండు గాట్లు పెట్టమనండి, మళ్ళీ ఎవరి బండికీ ఎక్కదు.