జ్ఞాపకము నుండి పిలుపునకు



నవంబరు జ్ఞాపకాల నెల. 2వ తేదీన సమాధుల పండుగ. సమాధులు శుభ్రం చేసి, సున్నం వేసి, కొవ్వొత్తులు వెలిగించి, మనకంటె ముందుగా ప్రభువునందు నిద్రించినవారిని తలచుకొంటాము. 11వ తేదీని అనేక దేశాలు మరొక విధంగా జ్ఞాపకం చేసుకొంటాయి. 1918లో ఆ రోజు ఉదయం 11 గంటలకు ఐరోపాలో మొదటి ప్రపంచ యుద్ధపు తుపాకులు ఆగిపోయాయి. ఆ యుద్ధానికి మన దేశం నుండి 10 లక్షల మందికి పైగా సముద్రాలు దాటి వెళ్లారు. వారిలో 70,000 మందికి పైగా తిరిగి రాలేదు. ఢిల్లీలోని ఇండియా గేటు అటువంటివారి జ్ఞాపకార్థమే కట్టబడింది.

అయితే జ్ఞాపకం చేసుకొన్న తరువాత మనం చేయవలసినది ఏమిటి?

బైబిలులో జ్ఞాపకం చేసుకోవడమంటే మనసులో తలచుకొని ఊరుకోవడం కాదు. ఆదికాండము 8:1లో దేవుడు నోవహును జ్ఞాపకం చేసుకొన్నాడు. గాలి వీచింది, నీళ్లు తగ్గసాగాయి. నిర్గమకాండము 2:24లో ఐగుప్తులో మూలుగుతున్న ప్రజల మొర విని తన నిబంధనను జ్ఞాపకం చేసుకొన్నాడు. తరువాతి అధ్యాయంలోనే మండుతున్న పొదలో నుండి మోషేను పిలిచాడు. దేవుని జ్ఞాపకం ఒక గొర్రెల కాపరికి పిలుపుగా వచ్చింది.

నవంబరు 11 సంఘ చరిత్రలో మరొక సైనికుని దినం కూడా. తూర్ పట్టణపు బిషప్ మార్టిన్ 397లో సమాధి చేయబడినది ఈ తేదీనే. 1483లో ఇదే రోజున బాప్తిస్మం పొందిన ఒక జర్మన్ శిశువుకు ఆయన పేరు పెట్టారు. ఆ శిశువే మార్టిన్ లూథర్.

సైనికాధికారి కుమారుడైన మార్టిన్ కూడా రోమా సైన్యంలో చేరవలసి వచ్చింది. ఒక చలికాలం ఆమియే పట్టణ ద్వారం దగ్గర బట్టలు లేని బిచ్చగాడు కనబడ్డాడు. మార్టిన్ దగ్గర పై అంగీ తప్ప ఇంకేమీ లేదు. కత్తి దూసి దానిని రెండుగా కోసి సగం అతనికి కప్పాడు. ఆ రాత్రి కలలో ఆ సగం అంగీ ధరించిన క్రీస్తును చూశాడని ఆయన జీవితచరిత్ర రాసిన సుల్పీషియస్ సెవెరస్ చెబుతాడు. అప్పటికి మార్టిన్ ఇంకా బాప్తిస్మం పొందలేదు. తరువాత ఆయన సైన్యాన్ని విడిచాడు, సన్యాసి అయ్యాడు, బిషప్ అయ్యాడు. దుర్బోధకుడని నిందింపబడిన ప్రిసిల్లియనును చంపవద్దని చక్రవర్తిని బతిమాలాడు. ఆయన మాట చెల్లలేదు, అయినా ఆయన మౌనంగా ఉండలేదు.

మన యౌవనస్థులు చాలామంది పిలుపు అంటే ఉద్యోగం మాని పూర్తికాల సేవకు రావడమే అనుకొంటారు. కొందరికి అదే పిలుపు. కాని లూకా 3:14లో బాప్తిస్మమిచ్చు యోహాను సైనికులను కొలువు మానమనలేదు, ఎవరినీ బాధపెట్టవద్దన్నాడు. కొర్నేలీ శతాధిపతిగా ఉండగానే దేవుని దృష్టికి వచ్చాడు. మార్టిన్ పిలుపు కూడా బిషప్ పీఠం దగ్గర కాదు, పట్టణ ద్వారం దగ్గర, చేతిలో ఉన్న కత్తితోనూ ఒంటి మీద ఉన్న అంగీతోనూ మొదలైంది. మీ ద్వారం దగ్గర ఎవరున్నారు? మీ చేతిలో ఏముంది? పిలుపు తెలియడం లేదని దిగులుపడేవారు ముందు ఈ రెండు ప్రశ్నలు వేసుకోవాలి.

ఇక మన మాటకు వద్దాం. గట్టు తగాదాతో మాటలు మానుకొన్న అన్నదమ్ములు ఒకే తండ్రి సమాధి మీద వేరువేరుగా కొవ్వొత్తులు వెలిగిస్తున్నారు. కమిటీ ఎన్నికల దగ్గర విడిపోయినవారు ఒకే బల్లలో పాలుపొంది ప్రభువు మరణాన్ని జ్ఞాపకం చేసుకొంటున్నారు. మత్తయి 5:23, 24 చదవండి. బలిపీఠం దగ్గర సహోదరుని విరోధం జ్ఞాపకం వస్తే, అర్పణ అక్కడే విడిచి వెళ్లి సమాధానపడమన్నాడు ప్రభువు. అక్కడ కూడా జ్ఞాపకం వచ్చినవాడు లేచి నడవాలి. ఎదుటివాడు వచ్చేదాకా ఆగమని ఆయన చెప్పలేదు.

మన తెలుగు బైబిలు శాంతిని సమాధానము అంటుంది. పిలిచినవానికి ఇచ్చే జవాబును కూడా మనం సమాధానమనే అంటాము. ఈ నెల ముగిసేలోగా మాటలు లేని ఒక ఇంటి తలుపు తట్టండి. సమాధానపరచువారిని దేవుని కుమారులన్న ప్రభువు మీకు ముందుగా నడుచును గాక. ఆమేన్.